మేస్త్రమ్మ అడిగిన మరుగు

రైలుగేటు అవతల, మా వీధి వెనక ఒక తుమ్మల బీడు ఉండేది. వీధిలో ఏ ఇంటికీ దొడ్డి లేదు. ఆడవాళ్ళందరం తెల్లారకముందే చెంబులు పట్టుకొని ఆ తుమ్మల చాటుకు వెళ్ళి, వెలుగు రాకముందే తిరిగి వచ్చేవాళ్ళం. మళ్ళీ పొద్దు గూకిన తర్వాతే. మధ్యలో ఎంత అవసరం వచ్చినా ఓర్చుకోవడమే.

నయాపైసలు వచ్చిన కొత్తల్లో ఆ బీడును ఎవరో పత్తి జిన్నింగు మిల్లు కోసం కొన్నారు. వారం రోజుల్లో తుమ్మలన్నీ కొట్టించి చుట్టూ ముళ్ళతీగ లాగించారు. ఆ మొదటిరోజు చెంబులతో వెళ్ళినవాళ్ళం నిండు చెంబులతోనే వెనక్కి వచ్చాం.

తర్వాత మాకు మిగిలింది నాదెండ్ల వైపు పోయే రోడ్డు పక్క గట్టు ఒక్కటే. ఆ రోడ్డు మీద బండ్లు, లారీలు తెల్లవారుజాము నుంచే తిరిగేవి. లారీ దీపాల వెలుగు పడగానే కూర్చున్నవాళ్ళు దిగ్గున లేచి నిలబడాలి. లారీ పోయాక మళ్ళీ కూర్చోవాలి. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. అలా లేవడం, కూర్చోవడం ఆమె వల్ల అయ్యేది కాదు. "లారీ వస్తే తలమీద చెంగు కప్పుకొని అట్టాగే కూర్చుంటన్నానే. మొగం కనపడకపోతే చాలు గదా" అంది ఒకరోజు. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

నా గురించి కొంచెం చెప్పాలి. పెళ్ళయిన మూడో ఏటే నా భర్త విషజ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. అమ్మ దగ్గరికి తిరిగి వచ్చి, ట్రైనింగు చేసి, మిషను స్కూల్లో టీచరుగా చేరాను. మా వీధిలో చదువుకున్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఎవరికి ఉత్తరం రాయాలన్నా, ఎవరికి అర్జీ పెట్టాలన్నా మా ఇంటికే వచ్చేవాళ్ళు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళు కూడా "టీచరమ్మగారూ, మీరు" అనేవాళ్ళు. చర్చిలో ముందు వరసలో నాకు చోటు ఉంచేవాళ్ళు. భర్త లేని ఇరవయ్యారేళ్ళ మనిషికి లోకంలో దొరికిన గౌరవం అదొక్కటే. దాన్ని పచ్చి కుండలా జాగ్రత్తగా పట్టుకొని తిరిగేదాన్ని.

మిల్లు కంచె పడిన నెలకు మా పక్కింట్లోకి ఒక జంట అద్దెకు వచ్చారు. మాచర్ల వైపు మనుషులు. సాయిబులే గాని ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆయన నాపరాళ్ళు పరిచే మేస్త్రీ. ఆమెకు నా వయసే ఉంటుంది. పొడుగ్గా, బలంగా, నవ్వితే పై చిగుళ్ళు కనపడేలా ఉండేది. మేస్త్రీ భార్య కాబట్టి వీధి ఆమెను మేస్త్రమ్మ అంది. ఆమె నన్ను మొదటిరోజే "టీచరమ్మా, మీ ఇంట్లో చాట ఉంటే ఇయ్యి" అంది. 'నువ్వు' అంది. పెద్దవాళ్ళే 'మీరు' అనే చోట ఈమె నోటి నుంచి ఆ 'నువ్వు' అలా జారిపోయింది. అది నేను చాలా రోజులు మరిచిపోలేదు.

రెండు నెలలు తిరక్కుండానే వీధంతా ఆమె అరుగు మీద చేరింది. ఎవరి బిడ్డకు దగ్గు వచ్చినా, ఎవరి గేదె ఈనబోతున్నా ఆమెను పిలుచుకు పోవడమే. అందరినీ వరసలు పెట్టి పిలిచేది. ఒకరు పిన్ని, ఒకరు అత్త, ఒకరు వదిన. అదేదో ముందునుంచీ ఉన్న చుట్టరికం లాగానే అందరూ పలికేవాళ్ళు. నేను పదేళ్ళు చదివి సంపాదించిన చోటు, అక్షరం రాని మనిషికి చాట అడిగినంత సులువుగా దొరికింది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కుట్టింది మా అమ్మ సంగతి. ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి మా వాకిట్లో బురద ఉండే చోట నాలుగు నాపరాళ్ళు పరిచి ఉన్నాయి. మేస్త్రీ ఆ చివరి రాయి కింద మట్టి సర్దుతున్నాడు. మేస్త్రమ్మ అమ్మను రెక్క పట్టుకొని ఆ రాళ్ళ మీద అటూ ఇటూ నడిపిస్తోంది.

"జారతందా అత్తా?"

"లేదమ్మా. దేవుడు నిన్ను సల్లగా చూడాల" అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "చూడవే, పనిలో మిగిలిన ముక్కలంట. నా మోకాళ్ళు గుర్తుపెట్టుకొని తెచ్చింది" అంది.

ఆ మోకాళ్ళకు రోజూ నూనె రాసేది నేను. బురద సంగతి మూడేళ్ళుగా నాకు తెలుసు. ఆ రాత్రి అన్నం తింటూ అమ్మ ఆమె పేరు ఎన్నిసార్లు ఎత్తిందో నేను లెక్కపెట్టుకున్నాను. ఆమె మొగుడు పని నుంచి వచ్చి బిందె తీసుకొని తానే మంచినీళ్ళ బావికి పోతాడట. అది కూడా అమ్మే చెప్పింది.

దొడ్డి కోసం మునిసిపాలిటీకి అర్జీ పెట్టాలని వీధిలో అనుకున్నప్పుడు అందరూ నా దగ్గరికే వచ్చారు. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. మంచి తెల్లకాగితం తెచ్చి, రెండు రోజులు కూర్చొని రాశాను. 'గౌరవనీయులైన చైర్మన్ గారి సమ్ముఖమునకు' అని మొదలుపెట్టాను. 'ఈ వీధి యందలి స్త్రీలు తమ నిత్యావసర విషయమున మిక్కిలి అసౌకర్యమునకు లోనగుచున్నందున, స్త్రీ జనోపయోగార్థము తగు వసతి కల్పింపవలసినదిగా ప్రార్థన' అని ముగించాను. చదివి వినిపిస్తే అందరూ తలలు ఊపారు. ఒక్కరికీ అర్థం కాలేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు ఆ నిశ్శబ్దం నాకు మెప్పులా వినిపించింది.

నెల తర్వాత జవాబు వచ్చింది. మా ఇంటి ముందే అందరూ చేరారు. నేను కవరు చించి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. పట్నంలో స్త్రీల ఉపయోగార్థం ప్రసూతి ఆసుపత్రి ఇంతకుముందే ఉన్నందువల్ల, మీ వీధికి ప్రత్యేకంగా మరొక వసతి అవసరం లేదని తెలియజేయడమైనది, అని ఉంది.

ఒక ముసలమ్మ, "అయితే రోజూ పొద్దున్నే కాన్పుల ఆసుపత్రికి పొమ్మంటన్నారా?" అంది. ఘొల్లున నవ్వారు. వాళ్ళు నవ్వింది మునిసిపాలిటీని చూసే. కాని నా చెవులకు అలా వినపడలేదు.

మేస్త్రమ్మ నవ్వలేదు. నా పక్కకు వచ్చి ఆ కాగితంలోకి తొంగి చూసింది.

"టీచరమ్మా, మనం పంపిన కాయితంలో దొడ్డి అన్న మాట యాడన్నా ఉందా?"

"అట్లాంటి మాటలు అర్జీల్లో రాయరు" అన్నాను.

"రాయకపోతే వాళ్ళకెట్టా తెలిసిద్ది?"

ఆమె మొహంలో ఎగతాళి లేదు. నిజంగానే అడిగింది. ఎగతాళి చేసి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

కౌన్సిలు మీటింగు జరిగే రోజు కనుక్కొని అందరం వెళ్దామని అన్నది ఆమే. మాట్లాడేది మాత్రం టీచరమ్మ అని కూడా ఆమే అంది. "మనకి సదువుకున్న మనిషి ఉండగా మనమెందుకు నోరు చేసుకోవాల?" అంది. నేను బడికి సెలవు పెట్టి, తెల్లచీర కట్టుకొని, చెప్పవలసింది మూడు రోజులు కంఠస్థం చేశాను. ఇరవై మంది దాకా ఆడవాళ్ళం రైలుగేటు దాటి వరసగా నడిచి పోతుంటే అంగళ్ళలో మగవాళ్ళు లేచి నిలబడి చూశారు.

మునిసిపల్ ఆఫీసు వరండాలో చాలాసేపు నిలబడ్డాం. చివరికి లోపలికి రమ్మన్నారు. పొడుగాటి బల్ల చుట్టూ కౌన్సిలర్లు కూర్చొని ఉన్నారు. అందరూ మగవాళ్ళే. చివర్న చైర్మన్, తెల్లమీసాల పెద్దాయన. "చెప్పండమ్మా, ఏం కావాలి?" అన్నాడు నన్ను చూసి.

"అయ్యా, మా వీధి స్త్రీలు..." అని మొదలుపెట్టాను. కంఠస్థం చేసిందంతా వస్తూనే ఉంది. అసౌకర్యం అన్నాను. ప్రాతఃకాలం అన్నాను. గౌరవమర్యాదలు అన్నాను. అసలు మాట దగ్గరికి వచ్చేసరికి నాలుక అంగిలికి అతుక్కుపోయేది. మళ్ళీ వెనక్కి పోయి అసౌకర్యం అనేదాన్ని. ఒకాయన గడియారం చూసుకున్నాడు. ఇంకొకాయన కాగితాల మీద తల వంచి నవ్వు దాచుకున్నాడు. "ఏదో ఒకటి తేల్చి చెప్పమ్మా" అన్నాడు చైర్మన్. మాట ఆగిపోయింది.

అప్పుడు నా వెనక నుంచి మేస్త్రమ్మ గొంతు వినపడింది.

"అయ్యా, మాకు దొడ్డి కావాల. ఆడోళ్ళం చెంబు పట్టుకొని పోవటానికి చోటు లేదు."

ఆమె నన్ను దాటి ముందుకు వచ్చింది. "తుమ్మలు ఉన్నన్నాళ్ళూ ఏదో చాటుండేది. ఇప్పుడు రోడ్డు మీద కూర్చుంటన్నాం. లారీ వచ్చినప్పుడల్లా లేసి నిలబడతన్నాం. ఈ టీచరమ్మ వాళ్ళమ్మకి మోకాళ్ళు పని చేయవు. లేవలేక మొగాన చెంగు కప్పుకొని అట్టాగే కూర్చుంటది. నిండు నెలల పిల్ల ఉంది మా వీధిలో, పగలు అవసరం వస్తదని నీళ్ళు తాగటం మానేసింది. తమరంతా మాకు తండ్రులు, అన్నలు. మీతో చెప్పటానికి మాకు సిగ్గే. రోడ్డు మీద కూర్చునేకంటే ఇది తక్కువ సిగ్గు."

ఒక్కరూ తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మా అమ్మ నాతో నవ్వుతూ చెప్పిన మాట ఆమె దగ్గర కూడా చెప్పుకుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ గదిలో, ఆ మాటకు అంతమంది మగవాళ్ళు తలలు దించుకున్న ఆ క్షణంలో, నాకు తగిలిన దెబ్బ అది.

"ఎంత చోటు కావాలమ్మా?" అన్నాడు చైర్మన్ నెమ్మదిగా.

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, బల్ల చివర నుంచి గోడ దాకా మడమకు కాలివేలు ఆనించి అడుగులు వేసుకుంటూ నడిచింది. తిరిగి అడ్డంగా నడిచింది. "ఇంత చాలయ్యా. పైకప్పు వొద్దు. చుట్టూ మనిషెత్తు నాపరాళ్ళు నిలబెట్టిస్తే అదే మరుగు."

"శుభ్రం చేసేదెవరు?" అన్నాడు ఒక కౌన్సిలరు.

"వరసగా గుంటలు తవ్వించండి. మట్టి పక్కనే పోయించండి. ఎవరికి వాళ్ళం కప్పుకుంటాం. నిండితే పూడ్చేసి ఇంకోటి తవ్వించండి. ఇంకొకరి చేత ఎత్తించే పని పెట్టబాకండి."

ఆ మాట నాకు తట్టలేదు. రెండు రోజులు కూర్చొని రాసిన అర్జీలో ఆ ఆలోచన లేదు.

స్థలం చూసి రమ్మని శానిటరీ ఇన్‌స్పెక్టరుకు అక్కడే చెప్పారు. తిరిగి వస్తుంటే దారిపొడవునా ఆడవాళ్ళు ఆమె చుట్టూ మూగి నడిచారు. నేను వెనకబడ్డాను. ఎవరూ గమనించలేదు. ఒక్క మేస్త్రమ్మే ఆగి, "టీచరమ్మా, నువ్వు మొదలుపెట్టి దారి చూపిస్తేనే గదా నాకు నోరు లేచింది" అంది. ఆ మంచితనం నాకు కారంలా తగిలింది.

ఊళ్ళో మాట పాకింది. మా బడిలో హెడ్‌మాస్టరు గారే అడిగారు, "మీ వీధిలో ఎవరో మేస్త్రమ్మ అంట గదా, కౌన్సిలును గడగడలాడించిందంట?" అని. ఆమెతో పాటు నేనూ వెళ్ళానని ఆయనకు తెలియదు. చెప్పబోయి ఊరుకున్నాను. ఏమని చెప్పాలి?

స్థలం ఖాయమైంది. రాళ్ళు ఎవరు నిలబెట్టాలి అన్న మాట వచ్చినప్పుడు వీధంతా మేస్త్రీ పేరే చెప్పింది. ఆయన కూడా సంబరపడి, క్వారీలో తానే రాళ్ళు ఏరి తెస్తానన్నాడు. ఏ రాయి వానకు పొరలుగా లేస్తుందో, ఏది నూరేళ్ళు నిలుస్తుందో వేలితో కొట్టి చెప్పగల మనిషి ఆయన. సాయంత్రాలు అరుగు మీద కూర్చొని నేల మీద పుల్లతో గీతలు గీసుకునేవాడు. ఆమె పక్కన కూర్చొని చూసేది. మా కిటికీలోంచి వాళ్ళిద్దరూ కనపడేవాళ్ళు.

అలా చూస్తూ ఉండగానే ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, నేను చైర్మన్‌కు ఆకాశరామన్న ఉత్తరం రాశాను.

ప్రార్థన చేసి వచ్చిన చేతులతోనే రాశాను. అమ్మ వంటింట్లో ఉంది. ఎడమచేత్తో, అక్షరాలు వంకర తిప్పుతూ రాశాను. మేస్త్రమ్మ అనబడే స్త్రీ తన భర్తకు పని ఇప్పించుకోవడానికే కౌన్సిలు ముందు ఈ నాటకం ఆడినదని, ఊరూ పేరూ తెలియని కొత్తవారిని నమ్మి మోసపోవద్దని రాశాను. అక్కడితో ఆపి ఉండవచ్చు. ఆపలేదు. 'పొట్ట చేతబట్టుకొని వచ్చిన వాళ్ళకు ఈ వీధి ఆడవాళ్ళ మానం ఒక బేరం' అని చివర ఒక వాక్యం చేర్చాను. మరుసటి రోజు బడికి పోతూ స్టేషను దగ్గర పోస్టుడబ్బాలో వేశాను. నిజం చెప్పాలంటే ఆ పూట పాఠాలు హుషారుగా చెప్పాను.

పది రోజులకు పని ఆగిందని తెలిసింది. పిటిషను పడిందని, విచారణ చేయాలని అన్నారు. వానలు మొదలయ్యాయి. రోడ్డు గట్టు జారుడుబండ అయింది. ఆడవాళ్ళు గోనెసంచులు తలమీద కప్పుకొని తడుస్తూ పోయి వచ్చేవాళ్ళు. వాళ్ళలో నేనూ ఉన్నాను, అమ్మను పట్టుకొని.

ఒక సాయంత్రం మేస్త్రమ్మ మా ఇంటికి వచ్చింది. ఆమె చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది. చూడగానే గుర్తుపట్టాను. అది నా ఉత్తరమే.

"గుమస్తాను బతిమాలితే ఒక్క పూటకి ఇచ్చాడు. రేప్పొద్దున ఇచ్చేయాల. ఆఫీసులో గబగబా చదివి వినిపించాడు. నెమ్మదిగా ఇంకోసారి వినాల. చదువు టీచరమ్మా" అంటూ చాప మీద కూర్చుంది.

అమ్మ కూడా వచ్చి గోడకు ఆనుకొని కూర్చుంది. నేను చదివాను. నా మాటలు నా గొంతుతో, ఆమె ఎదురుగా. నాటకం అన్న మాట దగ్గర ఆగాను. నీళ్ళు తాగి మళ్ళీ చదివాను. చివరి వాక్యం దగ్గరికి వచ్చి, దాన్ని వదిలేసి, కాగితం మడిచాను.

"అయిపోయింది" అన్నాను.

"ఇంకో మాట ఉండాలే" అంది ఆమె. "మానం, బేరం అని ఏదో. గుమస్తా చదివాడు."

మళ్ళీ కాగితం విప్పాను. ఆ వాక్యం చదివాను. అమ్మ "అయ్యో ప్రభువా, ఎవత్తో పాపిష్టిది" అని చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మేస్త్రమ్మ ఏడవలేదు. "రాసినోళ్ళు బాగా చదువుకున్నోళ్ళంట. ఒక్క తప్పు లేదంట. గుమస్తా అన్నాడు" అంది.

ఇది చెప్పడానికి ఈ వయసులో కూడా నాకు సిగ్గుగా ఉంది. ఆ మాట విన్నప్పుడు ఒక్క రెప్పపాటు నాకు లోపల గర్వంగా అనిపించింది. చేతిరాత మార్చాను గాని, ఒక్క అక్షరం తప్పు రాయడానికి నాకు మనసొప్పలేదు మరి. ఆ వెంటనే నా మీద నాకే రోత కలిగింది.

"ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?" అన్నాను.

"జవాబు రాయాల. నేను చెప్తా, నువ్వు రాయి. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నీ మాటలు కలపబాక."

పలక మీద కాగితం పెట్టుకొని కూర్చున్నాను. ఆమె చెప్పింది. "అయ్యా, మా ఆయన ఆ దొడ్డికి ఒక్క రాయి కూడా ముట్టుకోడు. ఆయనకి ఆ పని వొద్దు. వేరే ఎవరి చేతన్నా పెట్టించండి. రాళ్ళు ఎవరు పెట్టినా మాకు ఒకటే. వానలు పడతన్నాయి. ఆడోళ్ళకి దొడ్డి కావాల."

ఆ మాటను నేను మొదటిసారి కాగితం మీద రాశాను. రాయడానికి రెండు అక్షరాలే. కింద ఆమె బొటనవేలు సిరాలో అద్ది ముద్ర వేసింది. తర్వాత వీధి ఆడవాళ్ళందరూ వేశారు. నేను సంతకం చేశాను.

పని మళ్ళీ మొదలైంది. ఈపూరు వైపు నుంచి వేరే మనుషులు వచ్చి పెట్టారు. మిల్లు కంచెకు అటువైపు చిన్న జాగాలో చుట్టూ నాపరాళ్ళు లేచాయి. మేస్త్రీ ఆ పక్కకు కూడా పోలేదు. కాని రోజూ పనికి పోతూ రైలుగేటు దగ్గర ఆగి, అంత దూరం నుంచి ఆ రాళ్ళను చూసేవాడు. పునాది చాలినంత లోతు తవ్వలేదని ఆయనకు అక్కడి నుంచే తెలిసి ఉండాలి. నోరు తెరవలేదు. తెరిస్తే మళ్ళీ ఏ ఉత్తరం వస్తుందో.

మొదటిరోజు వీధి ఆడవాళ్ళు మేస్త్రమ్మనే ముందు లోపలికి పొమ్మన్నారు. ఆమె పక్కకు తిరిగి మా అమ్మ చెయ్యి పట్టుకొని, "అత్త ముందు" అంది. అమ్మ లోపలికి పోయి, తాపీగా, ఎవరూ తరమనట్టు బయటికి వచ్చింది. "హాయిగా ఉందే" అంది. అందరూ చప్పట్లు కొట్టి నవ్వారు. నేనూ కొట్టాను. అంత జరిగినా, అమ్మ చెయ్యి నేను పట్టుకొని ఉంటే బాగుండేది అనే అనుకున్నాను.

రెండేళ్ళు అలాగే గడిచాయి. మాటా మంతీ మామూలే. ఆమెకు తెలుసో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు. కృష్ణ మీద ఆనకట్ట పనికి రాతిపని వాళ్ళు కావాలని కబురు వస్తే మేస్త్రీ ఒప్పుకున్నాడు. బండి మాట్లాడుకొని సామాను ఎక్కించే రోజున నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఖాళీ గదిలో ఆమె పొయ్యిరాళ్ళు ఊడదీస్తోంది.

"ఆ ఉత్తరం రాసింది నేనే" అన్నాను.

ఆమె చేతులకున్న మసి చెంగుకు తుడుచుకుంది. నా వంక చూసింది. కోపం కోసం ఎదురుచూశాను.

"ఎందుకు?"

"నిన్ను చూస్తే ఓర్వలేకపోయాను."

"నన్నా?" అంది. నిజంగా ఆశ్చర్యపోయింది. "నీకు సదువుంది, ఉద్యోగముంది. నన్ను చూసి ఓర్వలేకపోవటానికి నా దగ్గర ఏముంది?" బయట బండి వైపు చూసి, "మా ఆయన ఆ నెలంతా సరిగా అన్నం తినలా. జీవితంలో ఒక్కసారి ఆడోళ్ళకి పనికొచ్చే పని చేస్తన్నా అనుకున్నాడు. ఆయన్ని దొంగని చేశావు. నాకు చెప్పి ఏం లాభం? పోయి ఆయనకి చెప్పు" అంది. మళ్ళీ పొయ్యిరాళ్ళ వైపు తిరిగింది.

బయట ఆయన బండికి తాళ్ళు బిగిస్తున్నాడు. "ఏందమ్మా?" అన్నాడు. నేను చెప్పాను. తల దించుకొనే చెప్పాను. ఆయన తాడు ముడి మీద చెయ్యి అలాగే ఉంచాడు. తర్వాత ముడి గట్టిగా లాగి, "పడమటి వైపు మూడు రాళ్ళు వాలినయ్యమ్మా. పునాది చాలదు. పిల్లల మీద పడతయ్యి. వానలకి ముందే ఎవరితోనన్నా సరిచేయించండి" అన్నాడు.

బండి కదిలే ముందు వీధంతా ఏడ్చింది. మేస్త్రమ్మ అందరినీ కావలించుకుంది. నా దగ్గరికి వచ్చినప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి తీసేసింది.

ఆ వారమే నేను ఒక్కదాన్నే మునిసిపల్ ఆఫీసుకు పోయాను. దొడ్డి పడమటి రాళ్ళు వాలాయని, పడితే మనుషులు చస్తారని గట్టిగా చెప్పాను. అదే కాగితం మీద రాసి, కింద నా పేరు రాసి ఇచ్చాను. రెండుసార్లు తిప్పారు. మూడోసారికి మనిషిని పంపి సరిచేయించారు.

ఆ తర్వాత ఏడాదికి ఆనకట్ట దగ్గర నుంచి వీధి పేరున ఒక కార్డు వచ్చింది. పోస్టుమాను తెచ్చి నాకే ఇచ్చాడు. అందరూ చేరితే నేనే చదివాను. అత్త మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి, గేదె ఈనిందా, అప్పటి నిండు నెలల పిల్ల కొడుకు అల్లరి తగ్గిందా అని ఒక్కొక్కరినీ వరస పెట్టి అడిగింది. చివర్న 'అందరికీ సలాములు, టీచరమ్మకి కూడా' అని ఉంది. అంతే.

అందరూ వెళ్ళిపోయాక ఆ కార్డు వెలుతురు దగ్గర పెట్టుకొని మళ్ళీ చూశాను. గుండ్రటి దస్తూరి, ఆడవాళ్ళదే అనిపించింది. ఒత్తులు సరిగా లేవు. రెండు చోట్ల దీర్ఘాలు పోయాయి. అక్కడ ఎవరో ఒకామె మేస్త్రమ్మ పక్కన చాప మీద కూర్చొని, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసిపెడుతోంది. ఆ మనిషి ఎవరో, ఆమెను మేస్త్రమ్మ ఏ వరసతో పిలుస్తుందో అని ఆలోచిస్తూ, ఆమె మీద ఓర్వలేనితనంతో చాలాసేపు కూర్చున్నాను.